రిమార్కుల గడిలో బెల్లంముక్క

మంగవ్వ అన్నం ముట్టక అది మూడో పూట.

"ఉప్మా సల్లగయితున్నది, అమ్మా," అంది సుష్మిత.

"కానియ్యి."

"వట్టి కడుపున బీపీ గోళీ ఎట్ల ఏసుకుంటవ్?"

"బెల్లంముక్కల పెట్టియ్యి. ఏసుకుంట."

ఆ మాటకు అమీర్‌పేటలోని ఆ రెండు గదుల వాటాలో గాలి సైతం తన రాకపోకలను కాసేపు వాయిదా వేసుకుంది. బల్లకు అవతలి చివర, గోడవైపు తిరిగి జొన్నరొట్టె తింటున్న హనుమాండ్లు నమలడం ఆపాడు. పదకొండేళ్ల క్రితం కొడుకు నరేశ్ ఇదే బల్ల దగ్గర, సగం కంచం మీంచి, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా లేచి వెళ్లిపోయిన నాటి నుంచి ఆయన భోజనం గోడతోనే. ఆ సుదీర్ఘ సహపంక్తిలో గోడ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. సనత్‌నగర్ కార్ఖానాలో ముప్ఫై ఏళ్లు లేత్ మిషను మీద ఇనుము చెక్కిన మనిషి, కొడుకు పేరును తన నోటి నుంచి కూడా అంతే నునుపుగా చెక్కి పారేశాడు.

"తినమని చెప్పు," అన్నాడు గోడతో.

"నేను ఆయనతోని మాట్లాడ్తలేనని మీ నాయినకు చెప్పు," అంది మంగవ్వ కూతురితో.

ఇద్దరూ మూడడుగుల దూరంలో ఉన్నారు. సుష్మిత ఎవరికీ ఏమీ చెప్పలేదు.

కలహానికి మూలకారణం నిన్నటి చిక్కుడుకాయలు.

సుష్మిత పంజాగుట్టలోని ఒక ఆరోగ్య అధ్యయన సంస్థలో అధ్యాపకురాలు. స్నాతకోత్తర విద్యార్థుల కోసం ఆ సంస్థ సంకల్పించిన ప్రజారోగ్య సమాచార శాస్త్ర శిక్షణకు పాఠ్యప్రణాళిక రచించే మహత్కార్యం ఆమె మీదా, సహచరుడు తారక్ మీదా పడింది. అమీర్‌పేట గోడల మీది కోచింగ్ పోస్టర్లు నలభై అయిదు రోజుల్లో నేర్పలేని విద్య లేదు. ఆ గోడలకు నడిచి వెళ్లగల దూరంలో, ఈ విద్యకు పేరు పెట్టడానికే ఒక సంఘం ఏడు నెలలు సమావేశమైంది. 'సమాచారం' ముందుండాలా 'ఆరోగ్యం' ముందుండాలా అన్న మీమాంసపై మూడుసార్లు చేతులెత్తారు. రెండుసార్లు సమోసాలు చాలలేదు.

ఇంత ఘనమైన పేరు కింద నేర్పబోయేది చిన్న సంగతే. దగ్గిన మనిషి ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో ఒక వరుస అవుతాడు. అలాంటి వరుసలు వందలుగా చదివి ఏ వాడలో జబ్బు పెరుగుతోందో, ఎందరు మందు మధ్యలో మానేస్తున్నారో కనిపెట్టాలి. ఆ వరుసలోని మనిషి ఎవరో మాత్రం కనిపెట్టకూడదు.

విద్యార్థుల సాధనకు కల్పిత రోగులను సృష్టిద్దామన్నాడు తారక్. "కల్పిత రోగులు మరీ బుద్ధిమంతులు, తారక్ గారూ. చెప్పిన మందల్లా చెప్పిన వేళకు వేసుకుంటరు," అని కొట్టిపారేసింది సుష్మిత. అలా ఆమె పట్టుదల వల్లనే నగరంలోని ఒక క్షయ చికిత్స కేంద్రం నుంచి ఆరు వందల నిజమైన వరుసలు వచ్చాయి. తెచ్చింది తారక్; ఏ కేంద్రమో అతనికే తెలుసు. పేరు, ఫోను, చిరునామా వగైరా మనిషిని పట్టిచ్చే పన్నెండు గడులను ఆమె చదవకుండానే స్వహస్తాలతో తుడిచేసింది. పదమూడోదైన రిమార్కుల గడిలో మనుషుల ఆనవాళ్లుంటే ఏరివేయడానికి ఒక ప్రోగ్రామును నియమించారు. ఆ ప్రోగ్రాము ఇంగ్లీషులో మహా పండితురాలు. రిమార్కులు రాసే సిస్టరమ్మ రాసింది తెలుగులో. తనకు అర్థం కానిదంతా నిరపాయకరమని నమ్మే పండితులందరిలాగే అదీ తెలుగు వాక్యాలన్నిటినీ గౌరవంగా వదిలేసి ముందుకు సాగింది.

సరిచూడటానికి అచ్చు తీసి ఇంటికి తెచ్చిన ఆ కాగితాల మీద, నిన్న పొద్దున, మంగవ్వ చిక్కుడుకాయలు ఒలవబోయింది. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదివి గాని పారేయని మనిషి. చదివింది.

"గోళీలు మింగడు. బెల్లంముక్కల పెట్టిస్తెనే మింగుతడు. ఇంట్ల చెల్లె గట్లనే ఇస్తుండెనట. ఇంటికి ఫోన్ చేయొద్దన్నడు. ఇరవై రోజులాయె, వస్తలేడు."

వరుస నంబరు నాలుగు వందల పదిహేడు. వయసు ముప్ఫై నాలుగు.

పన్నెండు గడులు తుడిచిన చేతిని పదమూడో గడి పట్టుకుంది.

"ఏ దవాఖానో చెప్పు," అంది మంగవ్వ ఇప్పుడు, ఉప్మా గిన్నెను పక్కకు నెట్టి. "నేను పోత."

"తెల్వదమ్మా. మా దగ్గర నంబరే ఉంటది. పేరుండదు, ఊరుండదు."

"నీకు తెల్వదు?"

"తెల్వకుండ చేసిందే నేను."

"హైదరాబాదుల దగ్గెటోళ్లందరిని లెక్క పెడ్తవ్. ఇంట్ల మనిషి ఏడున్నడో తెల్వదంటవ్. గిదేం సదువు, బిడ్డా?"

"అడిగితే ఆ సిస్టరు చెప్తదేమో. కాని అన్ననే ఇంటికి చెప్పొద్దన్నడు. నువ్వే సదివినవ్ గద."

"ఆమెకు చెప్పిండు. నాకు చెప్పలే. నాకు అడ్డం పడ్డది, సదివిన. సదివినంక సదవనట్ల ఎట్లుండాలె? గది సుత నేర్పు మీ పిల్లలకు."

పాఠ్యప్రణాళికలో నాలుగో పాఠం శీర్షిక 'చూసినది చూడనట్లుండుట'. ఇరవై రెండు పేజీలు. రచన సుష్మితదే. సంఘం దానిని ఏకగ్రీవంగా ఆమోదించి, భాష ప్రౌఢంగా ఉందని ప్రత్యేకంగా మెచ్చుకుంది.

మంగవ్వే మళ్లీ అడిగింది, గొంతు బాగా తగ్గించి. "ఇరవై రోజులు గోళీలు మానితే ఏమైతది?"

సుష్మితకు అబద్ధమాడాలనిపించింది. కాని ఆ ఇంట్లో అబద్ధాలు ఎప్పుడూ నిలబడలేదు.

"మళ్ల మొదటికెల్లి పెట్టాల్సి రావచ్చు. ఇంకా ఆలస్యమైతే, ఆ గోళీలు పనిచేయకుండ పోవచ్చు."

హనుమాండ్లు లేచాడు. కంచంలో సగం రొట్టె అలాగే ఉంది. షుగర్ ఉన్నవాళ్లు నడవాలన్న నెపంతో ఆయన రోజూ ఎర్రగడ్డ రైతుబజారు దాకా నడుస్తాడు. ఇంటి ముందు బండి మీద దొరికే కూరగాయలకు అంత దూరం ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు. సంచీ తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సగం కంచాన్ని తల్లీకూతుళ్లిద్దరూ చూశారు. ఎవరూ తీయలేదు.

*

మెట్రో వంతెన నీడలో సుష్మిత పంజాగుట్టకు నడిచింది. ఒక్క స్టేషను దూరానికి రైలెక్కడం ఎందుకన్నది బయటికి చెప్పే కారణం. నడిస్తే ముఖాలు కనిపిస్తాయన్నది లోపలిది.

పదకొండేళ్లుగా ఆమెకు ఆ అలవాటు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల మెట్ల మీద టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చున్నవాడు, సిగ్నల్ దగ్గర హెల్మెట్ కొంచెం పైకెత్తి నుదురు తుడుచుకునేవాడు, కోర్సుల కరపత్రాలు పంచుతూ ఎండలో నిలబడ్డవాడు, వీళ్లలో ఎవరి మెడ వెనక సుడి ఎడమకు తిరిగి ఉందో ఆమె కళ్లు వాటంతటవే వెతికేవి. మొదట్లో ఇరవై మూడేళ్లవాళ్లను వెతికింది. తర్వాత ఏటేటా వయసు పెంచుకుంటూ వచ్చింది. ఇప్పుడు కళ్ల కింద నలుపూ, చెవుల దగ్గర ఒకటి రెండు తెల్లవెంట్రుకలూ ఉన్నవాళ్లను చూస్తోంది. కనిపించని అన్నకు ఏటా ఒక ఏడు కలిపి, తగినట్టుగా పెద్దవాణ్ని చేయడం ఆమె ఒంటరిగా చేసుకునే పుట్టినరోజు పండగ.

చిన్నప్పుడు గోళీ పేరెత్తితే వాడికి డోకు వచ్చేది. తనకన్నా మూడేళ్లు పెద్దవాడు, వీధిలో అందరినీ కొట్టి వచ్చేవాడు, గోళీ ముందు మాత్రం కళ్లు గట్టిగా మూసుకునేవాడు. బెల్లాన్ని వేళ్లతో మెత్తగా పిసికి, గోళీని మధ్యలో దాచి, ఉండ చేసి నోటికి అందించేది ఆమే. అది గొంతు దిగేదాకా వాడు ఆమె మణికట్టు వదిలేవాడు కాదు. దిగాక, "నాకు భయం లేకుండె, నువ్వు పరేషానైతవని పట్టుకున్న," అనేవాడు.

ఇంట్ల చెల్లె గట్లనే ఇస్తుండెనట.

ఎవరికి చెప్పాడు ఆ మాట? ఎలా చెప్పాడు? నవ్వుతూనా? సిస్టరమ్మ రాసుకుంది గాని, ఆ గడిలో గొంతు పట్టదు.

"ఏంటండీ, ముఖం అలా ఉంది?" అన్నాడు తారక్. కాకినాడ నుంచి పదేళ్ల క్రితం వచ్చినా యాసను ఇస్త్రీ చెడకుండా కాపాడుకుంటున్నవాడు. వచ్చే సోమవారం మొదటి తరగతి. అతని బల్ల మీద ముప్ఫై మంది విద్యార్థుల పేర్లున్న అట్టముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి.

సుష్మిత కూర్చోకుండానే అంతా చెప్పింది. తారక్ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"ఆ కాగితాలు ఎన్ని కాపీలున్నాయి?"

"ఒక్కటే. మా ఇంట్ల. చిక్కుడుకాయల కింద."

తారక్ నవ్వలేదు. కంప్యూటరు తెరిచి, పదమూడో గడిని మొత్తం ఆరు వందల వరుసల్లోనూ తీసేసి, తీసేసినట్టు ఆమెకు చూపించాడు.

"సంఘానికి రాయాలి," అన్నాడు.

"రాస్త. తప్పు నాదని రాస్త. నిజం వరుసలే కావాలన్నది నేను."

"మనదని రాయండి. తెలుగు రాని ప్రోగ్రామును పట్టుకొచ్చింది నేను." అట్టముక్కలను పక్కకు జరిపాడు. "అమ్మగారు తిన్నారా?"

"లేదు."

కింద పంజాగుట్ట చౌరస్తాలో వాహనాలన్నీ ఏకకాలంలో తమ తమ అభిప్రాయాలు ప్రకటిస్తున్నాయి.

"తారక్ గారూ, ఆ కేంద్రం ఫోన్ నంబరు మీ దగ్గరుంది గద?"

"ఉంది."

"నాకు ఇయ్యకండి."

"అడుగుతారనుకున్నాను."

"అడిగితే సుత ఇయ్యకండి."

తారక్ తన ఫోనును సొరుగులో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఒక మహాసామ్రాజ్యపు కోశాగారానికి కూడా అంత శ్రద్ధగా తాళం పడి ఉండదు. ఆమె ఆ జేబు వైపే చూస్తుండటం గమనించి కుర్చీని కొంచెం పక్కకు తిప్పుకున్నాడు.

"కానీ మందు ఆగిపోయిన మనిషిని చూసి ఊరుకోమని మన పాఠాల్లో ఎక్కడా లేదండీ," అన్నాడు నెమ్మదిగా. "ఆరో పాఠం మనమే రాశాం."

ఆరో పాఠం సందేహ పత్రం గురించినది. మందు మానేసినట్టు కనబడిన వరుస తగిలితే విద్యార్థి ఆ మనిషిని వెతకకూడదు. వరుస నంబరు వేసి, ఆరోగ్య కేంద్రానికి ఒక పత్రం పంపాలి. అక్కడి సిస్టరు తన రిజిస్టరు తెరిచి, తనకు తెలిసిన మనిషిని తానే పలకరిస్తుంది. ఇక్కడివాళ్లకు పేరు తెలియదు, అక్కడివాళ్లకు అడిగినవాళ్లెవరో తెలియదు. సంఘంలో ఒక పెద్దమనిషి దీన్ని అనవసర ఆడంబరమన్నాడు. సుష్మిత గంటన్నర వాదించి నిలబెట్టింది.

తారక్ పత్రం తెరిచి రాశాడు. "వరుస 417. ఇరవై రోజులుగా మందు ఆగినట్టు ఉన్నది. దయచేసి కలిసి చూడగలరు."

కింద ఒక ఖాళీ గడి ఉంది. రిమార్కులు.

"అందులో నేను రాస్త," అంది సుష్మిత.

రాసింది. "బెల్లం ఉందా అని అడగండి."

తారక్ చదివాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు.

"ఇది అధ్యాపకురాలు రాశారా, చెల్లెలు రాసిందా?"

"మీరే చెప్పండి. కొట్టెయ్యమంటే కొట్టేస్త."

అతను కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. "రోగి మందు ఏ విధంగా పుచ్చుకుంటాడో కేంద్రానికి గుర్తు చేయడం వైద్యపరంగా సబబేనండీ," అన్నాడు చివరికి, తీర్పు చదువుతున్నట్టుగా. "నియమాలకు లోబడే ఉంది. నన్ను ఇంకోసారి ఆలోచించుకోనివ్వకండి."

పంపే మీటను అతనే నొక్కాడు.

*

మూడింటికి సుష్మిత లాప్‌టాప్ సంచీతో ఇల్లు చేరేసరికి బల్ల మీద పొద్దుటి సగం కంచం లేదు. దాని స్థానంలో వార్తాపత్రిక చుట్టిన అరకిలో బెల్లం ఉంది.

"ఎవరు తెచ్చిన్రు?" అంది.

మంగవ్వ గడ్డంతో గోడవైపు చూపింది. పదిహేనేళ్లుగా చాయిలో చెంచాడు చక్కెరకు కూడా నోచుకోని హనుమాండ్లు, అదే గోడకు ఎదురుగా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరి కోసం, నాయినా?"

"ఇంట్లకు," అన్నాడు గోడతో.

మంగవ్వ పొట్లం విప్పలేదు, లోపల పెట్టనూ లేదు. ఎదురుగా కూర్చుని దాన్నే చూస్తోంది. ఇంకా ఏమీ తినలేదని ఆమె పెదవులే చెబుతున్నాయి.

సందేహ పత్రం సంగతి సుష్మిత చెప్పింది. ఎక్కడికి వెళ్లిందో తనకు తెలియదనీ, జవాబు రావచ్చు, రాకపోవచ్చు అనీ చెప్పింది. మంగవ్వ విన్నది. "బెల్లమని రాసినవా?" అని మాత్రం అడిగింది. రాశానంటే, కొంగు తీసి ముఖం తుడుచుకుని, "మంచిగ చేసినవ్," అంది. నిన్నటి నుంచి కూతురితో అన్న మొదటి మంచిమాట అది.

నాలుగూ పదికి లాప్‌టాప్ చిన్నగా మోగింది. సందేహ పత్రం కిందనే జవాబు వచ్చింది.

సుష్మిత చదివింది. తర్వాత బయటికి చదివింది. చదవకూడదని తెలిసే చదివింది. నాలుగో పాఠం ఇరవై రెండు పేజీలూ ఒక్కసారిగా ఆమె వంక తలెత్తి చూశాయి.

"417ను ఇంటికి పోయి పిలుసుకొచ్చిన. ఇక్కడనే కూసున్నడు. గోళీ ముట్టనన్నడు. బెల్లం ఉన్నదా అని అడిగిన. ఎవరు అడగమన్నరు అని అడుగుతుండు. చెప్తెనే ఏసుకుంటడట. ఏం చెప్పాలె?"

ఎక్కడో ఈ ఊళ్లోనే, ఈ ఎండలోనే, ఒక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పదకొండేళ్లలో ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. సుష్మిత తనకు తెలియకుండానే తన మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది.

చెల్లెలని రాస్తే, వద్దన్న ఇంటికే తన జబ్బు సంగతి చేరిందని వాడికి తెలుస్తుంది. ఇక ఆ కేంద్రం గడప తొక్కడు. ఆఫీసు వాళ్లడిగారని రాస్తే అబద్ధం. ఆఫీసులకు బెల్లం సంగతి తెలియదని వాడికి తెలుసు.

"ఏం రాయాలె, అమ్మా?"

"నువ్వే అడిగినవని రాయి. నీ మీద వానికి కోపం లేకుండె."

"నాయిన అడిగిండని రాయి," అన్నాడు హనుమాండ్లు.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన గోడతో అనలేదు. కుర్చీ ఇటు తిరిగి ఉంది.

"వద్దు," అంది మంగవ్వ, కూతుర్ని మధ్యన పెట్టకుండా, సూటిగా మొగుడితో. "ఆ మాట ఇంటే లేచిపోతడు. కంచం మీదికెల్లి లేపినవ్. ఇప్పుడు గోళీ మీదికెల్లి సుత లేపుతవా?"

హనుమాండ్లు ముఖంలో ఏదో కదిలి, మళ్లీ తన చోట్లో సర్దుకుంది. ముప్ఫై ఏళ్ల ఇనుపరజను నల్లగా ఇంకిపోయిన వేళ్లతో బెల్లం పొట్లం దారం విప్పడం మొదలుపెట్టాడు. ముడి రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు.

"నరేశ్ లేవడు," అన్నాడు. ఆ పేరు ఆయన గొంతులో తుప్పుపట్టిన మరమేకులా తిరిగింది. "ఎర్రగడ్డ మార్కెట్ల కనవడ్తడేమోనని రోజు పోయిన. ఒక్కసారి కనవడ్డడు. పోయిన ఏడాది. నన్ను చూసి లేచిపోలే. నిలవడ్డడు. నేనే తిరిగొచ్చిన."

మంగవ్వ, ఏడాది పాటు తనకు ఎదురుగా, గోడవైపు తిరిగి, ఆ సంగతిని రొట్టెతో పాటు మింగుతూ కూర్చున్న మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

లాప్‌టాప్ మళ్లీ మోగింది.

"జల్ది చెప్పుండ్రి. చెప్పులేసుకుంటుండు."

సుష్మిత తల్లి వైపు చూడలేదు, తండ్రి వైపూ చూడలేదు. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, రిమార్కుల గడిలో రాయడం మొదలుపెట్టింది. "గోళీ దిగేదాక ఎవరి మణికట్టు పట్టుకుంటుండెనో, ఆమె అడిగిందని చెప్పుండ్రి."